నడిచేలో కోత మిషను

వరిచేను ఎలా కొయ్యాలో మాకు తెలియదన్న సంగతి మొన్నటి సార్వా పంట దాకా మాలో ఎవరికీ తెలియదు. తాతముత్తాతల నుంచీ కొడవలి పుచ్చుకుని గట్టు మీంచి చేలోకి దిగడం, అంచుల నుంచి కోసుకుంటూ లోపలికి పోవడం, నడిమధ్యకి చేరాక నడుం నిమురుకుని ఇంటికి రావడం, ఇదే కోత అనుకుంటూ బతికేశాం. తప్పు తెలియజెప్పే పెద్దలు లేకపోతే మనుషులు ఇలాగే తయారవుతారు.

ఆ తప్పేమిటో ముందు చెప్పాలి. చుట్టూ కోసుకుంటూ వస్తే చేలో కాపురమున్న ఎలకలు, పందికొక్కులు, చుంచులు, ముంగిసలు, రోజు బాగుంటే ఒక చెవులపిల్లి, అన్నీ కొయ్యని వైపుకి జరిగి జరిగి చివరికి మధ్యలో మిగిలిన కాస్త వరిలోకి చేరతాయి. మా చినబోదెపాలెంలో దాన్ని ఆఖరిచెక్క అంటాం. ఆఖరిచెక్క దగ్గరికొచ్చేసరికి ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళంతా కర్రలు పుచ్చుకుని చుట్టూ మూగేవాళ్ళు. కూలీలు ఒక్కసారి 'హో' అని అరిచేవాళ్ళు. ఇక చూసుకోండి, తిరనాళ్ళే! ఆ పూట ఏ ఇంట్లో మసాలా నూరుతున్నారో వీధి వీధంతా తెలిసిపోయేది.

తర్వాత కోత మిషన్లు వచ్చాయి. మిషనుకి కర్రలూ అక్కర్లేదు, అరుపులూ అక్కర్లేదు. అది ఒక పక్క నుంచి దిగి గబగబా చుట్టేసుకుంటూ వస్తుంటే ఆ చిన్న ప్రాణాలకి ఎటు పోవాలో తోచేది కాదు. మేం కూడా తక్కువ తినలేదు లెండి. ఒక వరస ఊడ్పు ఎక్కువ పడుతుందని గట్లు చెక్కి చెక్కి నులకతాడంత చేశాం. గడ్డి అక్కడికక్కడే తగలబెట్టాం. మందు కలిపిన నూకలు కన్నాల్లో కూరాం. ఇప్పుడు చెవులపిల్లిని ఎప్పుడు చూశావురా అంటే ఊళ్ళో ఎవడూ సరిగ్గా చెప్పలేడు. కాబట్టి వాటి మంచిచెడ్డలు చూడ్డానికి ప్రభుత్వంలో ఒక సంస్థ పుట్టిందని విన్నప్పుడు నేను నిజంగానే సంతోషించాను. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదంతే.

ఆ సంస్థ పేరు అల్పకాయ వన్యక్షీరద సంక్షేమ మండలి. అంత పేరు నోరు తిరగక మేం ఎలకల మండలి అనేవాళ్ళం. ఏరువాకకి ముందు ఒకనాడు ఆ మండలి సంయుక్త సంచాలకులు మధుకేశ్వర్ గారు జీపులో మా ఊరు వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి రైతులందర్నీ కూర్చోబెట్టారు. ఆయన మనిషి మంచివాడే. ఎవర్నీ కసురుకోడు. మజ్జిగ ఇస్తే రెండు చేతులా పుచ్చుకుంటాడు. కాకపోతే ఆయన మాట్లాడే తెలుగు మాకు తెలిసిన తెలుగు కాదు.

"మిత్రులారా! తరతరాలుగా మీరు అనుసరిస్తున్నది కేంద్రాభిముఖ కోత. ఇందువల్ల అల్పకాయ జీవులకు నిష్క్రమణావకాశం మృగ్యమవుతున్నది. మండలి సుదీర్ఘ అధ్యయనం జరిపి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇకపై ఈ ప్రాంతమంతటా నాభికోత పద్ధతి అమలవుతుంది. అనగా, కోత చేను నాభి వద్ద మొదలై అంచుల వైపు సాగాలి. జీవులు భయభ్రాంతులకు లోనుకాకుండా, గౌరవప్రదంగా, నాలుగు దిక్కులకూ నిష్క్రమిస్తాయి."

మాలో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆలోచన చెడ్డది కాదు. మధ్యలోంచి కోసుకుంటూ బయటికొస్తే చెవులపిల్లి గట్టెక్కి పారిపోతుంది, నిజమే. నాకొక్కటే అనుమానం వచ్చింది. అనుమానం వస్తే ఊరుకునే రకాన్ని కాను, అదే నా ఖర్మ.

"అయ్యా, నా పేరు ముత్యాల్రావండి. మరి మిషను మజ్జిలోకి ఎలా ఎల్తాదండీ?"

మధుకేశ్వర్ గారు చిరునవ్వు నవ్వారు. "చక్కని ప్రశ్న. కాని అది అమలు దశకు చెందిన అంశం. మనం ప్రస్తుతం విధాన దశలో ఉన్నాం."

"అంటే ఎగిరెల్తాదాండి?"

"విధాన దశలో అటువంటి ప్రస్తావనలు ప్రక్రియను పక్కదారి పట్టిస్తాయి ముత్యాల్రావు గారూ. కూర్చోండి. అయితే మీలో జిజ్ఞాస ఉంది. మండలి మీ క్షేత్రాన్నే నమూనా క్షేత్రంగా ఎంపిక చేస్తున్నది."

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. తమ చేను కానందుకు కొట్టారని నాకు తర్వాత అర్థమైంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నూకరత్నం చేతిలో చేట కింద పెట్టేసింది. "అంతమంది నోరు మూసుక్కూకుంటే మీకే వచ్చిందా అనుమానం! ఉన్నది ఆ ఒక్క చెక్క. అదీ కౌలు. కామందుకి కొలవాల్సింది కొలిచేశాక మిగిలిన గింజే కదా ఏడాదంతా మనం తినేది. దాంతో ఆటలేంటండీ?"

"నమూనా క్షేత్రం అంటే గొప్పేనే," అన్నాను. ఆమె చేట మళ్ళీ చేతిలోకి తీసుకుని నా మొహానికేసే చెరిగింది.

మిషను మధ్యలోకి ఎలా వెళ్ళాలన్న దాని మీద నిపుణుల సంఘం వేశారు. దారి కోసి లోపలికి పంపుదామంటే, దారి కొయ్యడమంటే అంచు నుంచి కొయ్యడమే గనక అది పాత పాపమే అన్నారు. క్రేనుతో ఎత్తి మధ్యలో దింపుదామంటే, క్రేను నీడ పడితే ఎలకలు గద్ద అనుకుని గుండె ఆగి చస్తాయని ఒక నిపుణుడు అభ్యంతరం చెప్పాడు. కూలీలని పంపి కొడవళ్ళతో మధ్య నుంచి కోయిద్దామంటే, కూలీలు కూడా ఎటో ఒకవైపు నుంచి నడిచే వెళ్ళాలి కదా, తొక్కుడు పడుతుందన్నారు. చివరికి మధుకేశ్వర్ గారే ఒకనాడు మా చేను గట్టు మీద నిలబడి, ఆకాశంకేసి చూసి, సమస్య తేల్చేశారు.

"మనం తలకిందులుగా ఆలోచిస్తున్నాం. చేలోకి యంత్రాన్ని పంపడం దుస్సాధ్యం. యంత్రం చుట్టూ చేను పండించడం సుసాధ్యం."

ఆ మాటకి ఆయన వెనకున్న ఉద్యోగులు దణ్ణం పెట్టారు. నేనూ దణ్ణం పెట్టాను. కారణాలు వేరు.

అనుకున్నదే తడవు, దమ్ము పట్టకముందే చైన్ల మిషనొకటి తెచ్చి నడిచేలో నిలబెట్టారు. బురదలో కూరుకుపోకుండా దాని కింద ఇటుకలతో అరుగు కట్టారు. ఆ అరుగు మేర నాట్లు పోయాయి. అదేమని అడిగితే "అది నాభి. నాభిలో పంట ఉండదు" అన్నారు. కొబ్బరికాయ కొట్టి, మిషనుకి బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి ప్రారంభోత్సవం చేశారు. ఆ తర్వాత దాని చుట్టూ మేం ఊడ్పులు ఊడ్చాం.

ఊడ్పుల ముఠా మేస్త్రి భూలక్ష్మి నాకు వరసకి మరదలవుతుంది. నారు కట్ట చేత్తో పట్టుకుని నడుం ఎత్తి మిషనుకేసి చూసింది. "ఏం బావా, పెళ్ళికొడుకుని ఇప్పుడే పీటల మీద కూకోబెట్టేశారు. పెళ్ళి సూత్తే నాలుగు నెల్లుంది. అందాకా ఉచ్చకీ గిచ్చకీ ఎల్లక్కర్లేదా ఆయనకి?" చేలో ఉన్న ఆడకూతుళ్ళంతా ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చేలో నేను నవ్వింది అదే ఆఖరు.

మిషను నడపడానికి సింహాద్రి అనే డ్రైవర్ని కూడా వేశారు. అతను అప్పుడప్పుడూ ఇంజను తిప్పి చూసుకోవాలి. చూసుకోవాలంటే చేలో నడవాలి. నడిస్తే తొక్కుడు. కాబట్టి గట్టు మీంచే పరిశీలించమని ఉత్తర్వు వచ్చింది. సింహాద్రి రోజూ పొద్దున్నే వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చుని, బీడీ కాల్చుకుంటూ మిషనుకేసి చూసి, "బానే ఉన్నట్టుందండి" అని వెళ్ళిపోయేవాడు.

శ్రావణం దాటేసరికి చేను గుబురుగా ఎదిగింది. చుట్టూ నీళ్ళు, మధ్యలో పొడిగా అరుగు, అరుగు మీద టార్పాలిన్ కప్పిన ఇనప మేడ. పైగా మనిషి కాలు పెట్టడానికి వీల్లేదు. ఊళ్ళో ఉన్న ఎలకలన్నిటికీ ఆ కబురు ఎవరు చేరేశారో తెలియదు. ముందు ఎలకలు వచ్చాయి. ఎలకల కోసం ముంగిస వచ్చింది. చుంచులు వచ్చాయి. పందికొక్కులు ఇటుకల కింద మట్టి తోడి గుట్టలు పోశాయి. మధుకేశ్వర్ గారు దుర్బిణీ పెట్టుకుని చూసి పరవశించిపోయారు.

"సాంద్రత చూశారా! నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇంత సాంద్రత చూడలేదు!"

"అయ్యా, పొట్టకొచ్చిన దుబ్బులు కొరికి పారేత్తన్నాయండి. ఆ మజ్జినంతా సూడండి, తెల్లబోయింది చేను. ఎలకల బుట్టలు పెట్టే వాళ్ళని పిలిపిస్తానండి, నాలుగు బుట్టలు పెడితే కాత్త తగ్గుతాయండి."

"బుట్టలా!" ఆయన దుర్బిణీ దించేశారు. ఆయన మొహంలో నిజంగా బాధ కనిపించింది. "ముత్యాల్రావు గారూ, మీరు నమూనా రైతు. మీ నోటి వెంట ఆ మాట రాకూడదు. వాటి ఆహార స్వేచ్ఛను మనం గౌరవించాలి."

మా ఆహారం సంగతేమిటని అడుగుదామనుకున్నాను. కానీ అడిగితే దేనికి ఎంపికవుతానో అన్న భయంతో నోరు మూసుకున్నాను.

ఇంతలో ఇంకో ముచ్చట జరిగింది. మధుకేశ్వర్ గారి ఆఫీసున్న భవనంలోనే, వరండాకి అవతల వైపు, ఎలుకల సామూహిక నిర్మూలన విభాగం ఉందట. దాని అధికారి ఏడుకొండలు గారు. ఆయన ప్రతి సార్వాలోనూ ఊరూరా మందు కలిపిన నూకల పొట్లాలు పంచిపెట్టిస్తారు. ఆ ఏడూ వచ్చారు. మా గట్టు మీద ఇద్దరు అధికార్లూ ఎదురెదురు పడ్డారు.

"మీ జీవులు నా నిర్మూలన పరిధిలో ఉన్నాయి," అన్నారు ఏడుకొండలు గారు.

"మీ నూకలు నా సంరక్షణ పరిధిలో ఉన్నాయి," అన్నారు మధుకేశ్వర్ గారు.

కొట్టుకుంటారేమోనని నేనూ సింహాద్రీ కాస్త దూరంగా జరిగాం. అబ్బే, చదువుకున్నవాళ్ళు కదా! ఇద్దరూ జీపులో కూర్చుని, మా ఇంటి నుంచి టీ తెప్పించుకుని తాగి, ఒక అంగీకారానికి వచ్చారు. ఎలక చేలో ఉంటే వన్యప్రాణి. గట్టెక్కితే చీడ. చేలో ఉన్నంతసేపూ దాన్ని మధుకేశ్వర్ గారు కాపాడతారు. గట్టు మీద కాలు పెట్టిన క్షణం నుంచి ఏడుకొండలు గారు చంపుతారు. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు. గట్టు పొడుగునా నూకల పొట్లాలు పెట్టించి ఏడుకొండలు గారు వెళ్ళిపోయారు.

"మరి ఎలకలకి ఈ సంగతి ఎవరు సెప్తారండి?" అన్నాడు సింహాద్రి నెమ్మదిగా.

"ఊరుకోరా, నీ చేను కూడా ఎంపికైపోద్ది," అన్నాను.

ఎంత కొరికినా, ఎంత తెల్లబోయినా, పంట పంటే. కార్తీకం వచ్చేసరికి మిగిలిన చేను పసుపు తిరిగి కంకులు వంచింది. నూకరత్నం రోజూ గట్టు దాకా వచ్చి, ఒక కంకి నలిపి, గింజ కొరికి చూసేది. "కామందుకి పోగా మనకి మిగులుద్దండి. జాగర్తగా ఇంటికి చేరితే ఏడాది గడిచిపోద్ది," అంది. అనడమే ఆలస్యం, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని టీవీలో చెప్పారు. చుట్టుపక్కల చేలవాళ్ళంతా మిషన్లు దింపి, అంచుల నుంచి, అదే ఆ కేంద్రాభిముఖ పాపంతోనే, రాత్రనకా పగలనకా కోసేసుకుంటున్నారు. నమూనా కాని చేలకి నాభికోత వచ్చే ఏడాది నుంచట.

మా చేలో కోతకి మధుకేశ్వర్ గారు ముహూర్తం పెట్టించారు. సన్నాయి మేళం కూడా వచ్చింది. సింహాద్రిని మాత్రం తొక్కుడు పడకుండా ఒక్కో కాలే ఆనించి ఆనించి అడుగులేసుకుంటూ వెళ్ళమన్నారు. అతను కొంగలా వెళ్ళి, టార్పాలిన్ ఎత్తి, పైకెక్కి, ధాన్యం తొట్టిలోకి తొంగి చూసి, అక్కణ్ణుంచే కేకేశాడు.

"అయ్యగారో! తొట్టిలో ముంగిస పిల్లల్ని పెట్టిందండీ! కళ్ళు కూడా తెరవలేదండీ!"

సన్నాయి ఆగిపోయింది. మధుకేశ్వర్ గారు రెండు చేతులూ జోడించి మిషనుకి నమస్కారం పెట్టారు. అక్కడికక్కడే మిషనుని ప్రసూతి ఆవాసంగా ప్రకటించారు. ప్రసూతి ఆవాసాన్ని కదపరాదు, ఇంజను తిప్పరాదు, దాని చుట్టూ కోత కొయ్యరాదు.

నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. "అయ్యా, వాయుగుండం వచ్చేత్తందండి. ఇంకో మిషను తెచ్చుకుని అంచు నుంచి కోసుకుంటానండి. ఆ మజ్జిని ముంగిసకి ఎంత కావాలంటే అంత వదిలేత్తానండి. మీ కాళ్ళు పట్టుకుంటానండి."

"అంచు నుంచి కొయ్యడం మొదలుపెడితే తల్లి ముంగిస మానసికంగా దెబ్బతింటుంది. పైగా కేంద్రాభిముఖం. మీరు అతిక్రమిస్తే మీ కౌలు కార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది. పిల్లలు కళ్ళు తెరిచే దాకా ఓర్చుకోండి."

"పిల్లలు కళ్ళు తెరిసేదాకా వాయుగుండం ఆగుద్దాండి?"

"వాయుగుండం మా మండలి పరిధిలోకి రాదు ముత్యాల్రావు గారూ."

ఆయన తప్పేం లేదు. పరిధిలోకి రానిది రానట్టే కదా.

మర్నాడు ఆకాశం సీసం రంగుకి తిరిగింది. గాలి వాసన మారిపోయింది. నేనూ సింహాద్రీ గట్టు మీద దిగులుగా కూర్చుని ఉంటే, తల్లి ముంగిస మిషను మీంచి దిగి, ఒక పిల్లని నోట కరుచుకుని, దుబ్బుల మధ్య నుంచి ఈదినట్టుగా వచ్చి, మా ముందే గట్టు దాటి, కాలవ అవతల మొగలి పొదల్లోకి పోయింది. మళ్ళీ వచ్చింది. ఇంకోదాన్ని తీసుకుపోయింది. మా ఇద్దర్నీ ఒకసారి చూసి, వీళ్ళ వల్ల ప్రమాదం లేదనుకుందో ఏమో, చివరిదాన్ని కూడా పట్టుకుపోయింది. దానికి వాన సంగతి తెలిసింది. ఇల్లు ఖాళీ చేసింది. ఆనందంతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. వెంటనే మధుకేశ్వర్ గారికి ఫోన్ చేశాను.

"అయ్యా, ముంగిస ఎల్లిపోయిందండి! పిల్లల్తో సహా ఎల్లిపోయింది. మిషను ఖాళీ. సింహాద్రిని ఎక్కమంటారాండి?"

"ఖాళీ అయినట్టు ఎవరు ధ్రువీకరించారు?"

"నేనే సూశానండి. నా ఎదురుగుండానే ఎల్లింది."

"మీరు లబ్ధిదారులు. లబ్ధిదారుడి సాక్ష్యం చెల్లదు. నిపుణుల బృందం వచ్చి ఆవాసం రిక్తమైనట్టు ధ్రువీకరించాలి. ఆపైన ప్రసూతి హోదా ఉపసంహరించాలి. బృందం బయలుదేరడానికి సిద్ధంగానే ఉంది. వాయుగుండం తగ్గగానే వస్తారు."

ఫోన్ పెట్టేశాను. చినుకులు మొదలయ్యాయి. నేను గట్టు మీద నిలబడి కౌలు కార్డు గురించి ఆలోచిస్తున్నాను. కార్డు పోతే బీమా పోతుంది, వచ్చే ఏడాది చేను పోతుంది. కార్డు ఉంటే ఈ ఏడాది గింజ పోతుంది. నేనలా బేరం వేసుకుంటూ ఉండగానే నూకరత్నం కొడవలి పుచ్చుకుని వచ్చింది. చీర ఎగ్గట్టి అంచునే దిగింది. కోత మొదలెట్టింది.

"కార్డు పోద్దే!" అని అరిచాను.

"కార్డు ఉడకేసుకుని తింటారా?" అంది తలెత్తకుండా.

సిగ్గేసింది. నేనూ దిగాను. వెనకే సింహాద్రి దిగాడు. భూలక్ష్మి తన ముఠాతో పరిగెత్తుకొచ్చింది. చేతులు తెగాయి, నడుములు పడిపోయాయి, కోసిన పనలు కోసినట్టే గట్టు మీదకి మోశాం. ఒక మూల మాత్రం కోయగలిగాం. అప్పుడు తగులుకుంది గాలి. నిలబడ్డ చేనంతా మా కళ్ళముందే ఒక్కసారి పక్కకి ఒరిగి, నీళ్ళల్లో పడుకుంది. నూకరత్నం కొడవలి పట్టుకుని వానలో అలాగే నిలబడిపోయింది. ఆమె ఏడ్చిందో లేదో ఆ వానలో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

నీళ్ళు దిగడానికి చాలా రోజులు పట్టింది. దిగేసరికి పడిన కంకులు పడినచోటే మొలకెత్తాయి. మేం గట్టు మీదకి మోసిన పనలు కూడా తడిసి ముద్దయి మొలకలేశాయి. ఇక చేలో ఉన్న జీవుల సంగతంటారా, నీళ్ళు పెరిగేసరికి ఎలకలు, చుంచులు, పందికొక్కులు అన్నీ ప్రాణాలరచేత పట్టుకుని గట్టెక్కాయి. పొట్లాల్లో నూకలు మైనంలో ముంచి పెట్టారట, వానకి చెక్కు చెదరలేదు. ఆకలి మీద ఉన్నాయి కదా, పాపం, తిన్నాయి. నేను వెళ్ళి చూసేసరికి గట్టు పొడుగునా అవే. ఇంత చిన్న చుంచులు కూడా, ఒకదాని పక్కన ఒకటి. నాకు వాటి మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

ఏడుకొండలు గారు వచ్చి చూసి, ఈ ప్రాంతంలో నూటికి నూరుపాళ్ళూ నిర్మూలన సాధించామని పైకి తెలియజేశారు. మధుకేశ్వర్ గారు వచ్చి చూసి, తన పరిధిలోని చేలో ఒక్క వన్యప్రాణి కూడా కోత వల్ల చనిపోలేదని పైకి తెలియజేశారు. రెండూ నిజమే. ఇద్దరికీ ప్రశంసలొచ్చాయి. నిపుణుల బృందం కూడా వచ్చి, మిషనెక్కి, తొట్టి ఖాళీగా ఉందని ధ్రువీకరించింది. సింహాద్రి తాళం తిప్పాడు. ఎలకలు వైర్లన్నీ కొరికేసినట్టున్నాయి, అది కిక్కురుమనలేదు.

సంక్షేమ మండలి నన్ను ఉత్తమ ఆవాస రైతుగా ఎంపిక చేసింది. అంచు నుంచి కోసిన తప్పుని, నమూనా క్షేత్రం పరువు కోసం, పెద్దమనసుతో క్షమించారు. నష్టపరిహారం గురించి అడిగితే, పంట వాన వల్ల పోయిందా, జీవుల వల్ల పోయిందా అన్నది తేలేదాకా ఎవరి పరిధో చెప్పలేమన్నారు. పంచాయతీ ఆఫీసు ముందు మళ్ళీ అదే షామియానా వేసి, నాకు శాలువా కప్పి, ఫొటో తీశారు. ఫొటోలో నా నోరు మూసే ఉంది.

మా ఊరికి ఏ అధికారి వచ్చినా, ఏ రైతు పని మీద వస్తే ఆ రైతింట్లోనే భోజనం. అది మా ఊరి మర్యాద. మధుకేశ్వర్ గారూ, ఏడుకొండలు గారూ కాళ్ళు కడుక్కుని వచ్చి మా ఇంట్లో పీటల మీద కూర్చున్నారు. నూకరత్నం అరిటాకులు వేసింది. వంకాయ కూర, చింతకాయ పచ్చడి, ముక్కల పులుసు, అన్నీ ఘుమఘుమలాడుతూ వడ్డించింది. ఆఖర్ని అన్నం వడ్డించింది. అన్నం ఎర్రగా, జిగటగా, గరిటెకి అంటుకుపోతూ ఉంది.

మధుకేశ్వర్ గారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. "అమ్మా, అన్నం ఏదో ముక్కవాసన వస్తున్నట్టుంది?"

"అవునండి, వత్తాదండి. మొలకొచ్చిన గింజ కదండీ. మీ నమూనా క్షేత్రంలోదేనండి. ఎండబెట్టి ఆడిత్తే నూకే ఎక్కువొచ్చిందండి."

"వేరే బియ్యం..." అన్నారు ఏడుకొండలు గారు.

"లేవండి. ఇయ్యే ఉన్నాయండి. వచ్చే సార్వా దాకా మా ఇంట్లో ఇదే అన్నమండి." ఆమె ఇద్దరి ఆకుల్లోనూ ఇంకో గరిటెడు వేసింది. వేసి, పక్కనే నిలబడి అడిగింది. "నాకో అనుమానమండి. ఇన్ని నెల్ల నుంచీ క్షీరదాలు, క్షీరదాలు అంటన్నారు. అంటే ఎవరండీ అయ్యి?"

మధుకేశ్వర్ గారికి ఆ ప్రశ్న వల్ల కాస్త ఊపిరి తిరిగినట్టుంది. తినడం ఆపి ఉత్సాహంగా చెప్పారు. "పిల్లలకు పాలిచ్చి పెంచే జీవులమ్మా."

"నేనూ ఇద్దరు పిల్లలకిచ్చానండి. మరి మా సంగతి మీ మండలిలో ఎక్కడుందండి?"

అనుమానాలడిగే జబ్బు నాకే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. మధుకేశ్వర్ గారు అబద్ధం చెప్పే మనిషి కాదు.

"మాది అల్పకాయ విభాగం తల్లీ. అయిదు కిలోల బరువు దాటిన జీవులు మా పరిధిలోకి రావు."

"ఓహో," అంది నూకరత్నం. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకున్నట్టు తలాడించింది. "అయితే తినండి బాబూ. ఆకులో వదిలెయ్యకండి. గింజ గింజా నీళ్ళల్లోంచి ఏరుకొచ్చాం."

ఏడుకొండలు గారు ఆకు మడవబోయారు. మధుకేశ్వర్ గారు జీపు వచ్చిందేమో చూస్తానంటూ పీట మీంచి సగం లేచారు. నూకరత్నం అన్నం గిన్నె చంకన పెట్టుకుని, గరిటె చేత్తో పట్టుకుని, వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన ఆమెకేసి చూశారు. నాకేసి చూశారు. నేను శాలువా సర్దుకున్నాను.

మధుకేశ్వర్ గారు మళ్ళీ కూర్చుని, తలొంచుకుని, ఆ అన్నం తిన్నారు.